ఉలూరన్ వద్దన్నాడు

మార్చి 11, మంగళవారం ఉదయం పదిన్నర దాటాక నునపిక్ ఊరికి ఉత్తరాన ఉన్న దిబ్బమీద డ్రిల్లు ఆగిపోయింది. మూడో గాలిమర పునాదికి తవ్వుతున్న మొదటి గొయ్యి అప్పటికి మనిషి లోతు దిగింది. యంత్రం చెడిపోలేదు. డీజిల్ అయిపోలేదు. దిబ్బ ఎవరిదో ఆయన ఆపమన్నాడు.

ఆపమన్న మనిషికి ఏడేళ్లు. పేరు ఉలూరన్. బడిలో పేరు తారిన్. రెండో తరగతి చదువుతున్న ఆడపిల్ల.

మార్ఫాకు ఈ సంగతి వీహెచ్ఎఫ్ రేడియోలో తెలిసింది. ఒకరు మాట్లాడితే ఊరంతా వినే ఆ రేడియో ప్రతి ఇంట్లోనూ పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది గనుక ఆమెతో పాటు ఊరందరికీ తెలిసింది. ఆమె గ్రామ మండలి ఆఫీసులో పనిచేస్తుంది. సహకార విద్యుత్ సంఘంలో ఊరి తరఫు ప్రతినిధి కూడా. సంఘం వాళ్లు ఆంకరేజ్ నుంచి వచ్చినప్పుడు వాళ్ల ఇంగ్లీషును ఊరి భాష యూపిక్‌లోకి, ఊరి పెద్దల యూపిక్‌ను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది ఆమే.

"మార్ఫా, మార్ఫా, వింటున్నావా?" వస్కా గొంతు. ఊరికి కరెంటిచ్చే డీజిల్ ఇంజన్ల గదిని చూసుకునేది అతను. మార్ఫాకు మేనత్త కొడుకు. "మీ తాత డ్రిల్లు ఆపించాడు. వచ్చి మాట్లాడుకో."

"ఏ తాత?"

"ఎంతమంది ఉన్నారే నీకు? మా ఇంట్లో ఉన్నాయన. పొద్దున గుడ్డు తిననని నాతో పేచీ పెట్టినాయన."

మార్ఫా దళసరి చలికోటు పార్కా తొడుక్కుని, మంచుమీద నడిపే స్నోమెషీన్ తీసింది.

దిబ్బమీద రెండో తరగతి పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. గాలిమర పునాది ఎలా వేస్తారో చూపిద్దామని పంతులమ్మ వాళ్లను తీసుకొచ్చింది. డ్రిల్లు మనిషి డుప్రీ యంత్రం పక్కన సిగరెట్ కాలుస్తున్నాడు. డ్రిల్లుకు ఎదురుగా, చేతులు పార్కా చేతుల్లోకి లాక్కుని, మార్ఫా పెద్దమ్మ ఎలెనా నిలబడి ఉంది. ఆమెకు అరవై రెండేళ్లు. పనివాళ్లకు టీ తెచ్చిన ఫ్లాస్కు ఆమె కాళ్ల దగ్గర మంచులో ఉంది. వస్కా డ్రిల్లు చుట్టూ తిరుగుతున్నాడు.

సంఘం తరఫున స్థలాల పని చూసే హాల్వర్సన్ ఆ ఉదయం విమానంలోనే దిగాడు. అతను మార్ఫా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో అడిగాడు.

"ఎవరు ఆపమన్నారు?"

"మా పెద్దమ్మ."

"ఎందుకట?"

మార్ఫా ఎలెనాను అడిగి వచ్చి చెప్పింది. "వాళ్ల నాన్న వద్దన్నాడట."

"ఆయన ఇక్కడే ఉన్నారా?" హాల్వర్సన్ చేతిజోడు తీసి చెయ్యి కలపడానికి సిద్ధమయ్యాడు. "అక్టోబరు నుంచీ కలుద్దామనుకుంటున్నాను. ఎప్పుడు ఫోన్ చేసినా బడికి వెళ్లారనేవాళ్లు. బడిలో ఉద్యోగమేమో అనుకున్నాను."

మార్ఫా కళ్లతో చూపించింది. అతను ఆ చూపు వెంట వెళ్లి పంతులమ్మను చూశాడు, పిల్లల్ని దాటి నది వైపు చూశాడు. అటు ముసలివాళ్లెవరూ లేరు.

"ఎక్కడ?"

"ఎర్రటోపీ."

ఎర్రటోపీ పిల్లకు ముందు పళ్లు రెండూ లేవు. ఆ సందులోంచి నాలుక బయటపెట్టి మంచు తింటోంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో మార్ఫాకు అప్పుడు తెలిసింది. అది పొరపాటేనా అన్నది మాత్రం తెలియలేదు.

అక్టోబరులో ఊరి హాల్లో సంఘం సమావేశం జరిగింది. నునపిక్‌కు మూడు గాలిమరలు పెడతామని హాల్వర్సన్ చెప్పాడు. రెండు పెడితే డీజిల్ ఇంజన్ల మీద భారం తగ్గుతుంది. మూడు పెడితే గాలి వీచినంతసేపూ ఇంజన్లు పూర్తిగా ఆపేయవచ్చు. ఊరి చుట్టూ చిత్తడి నేల. అడుగున ఎన్నడూ కరగని మన్ను పునాదికి పనికొచ్చేంత గట్టిగా ఉన్న చోట్లు మూడే దొరికాయి. వాటిలో మూడోది ఈ దిబ్బ. నేల ఊరుమ్మడిది. కానీ దిబ్బను ఏళ్ల తరబడి ఒక కుటుంబమే వాడుకుంటోంది. చేపలు ఎండేసే కర్రలు, వేసవి గుడారం వాళ్లవే. వాడుకునేవాళ్లు ఒప్పుకుంటేనే తవ్వుతామని, వద్దంటే గడ్డపార కూడా దించమని హాల్వర్సన్ మాటిచ్చాడు. ఆ మాటను మార్ఫాయే యూపిక్‌లో చెప్పింది.

అప్పుడు ఎలెనా లేచింది. "ఆ దిబ్బ మా నాన్నది. నేను అడిగాను. పెట్టుకోమన్నాడు. తిరుగుతుంటే చూడాలని ఉందన్నాడు."

మార్ఫా మాటకు మాట ఇంగ్లీషులో చెప్పింది. హాల్వర్సన్ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.

ఎలెనా తండ్రి నికిఫర్ ఉలూరన్ పోయి అప్పటికి ఏడేళ్లు కావస్తోంది. హాల్లో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు, హాల్వర్సన్‌కు తప్ప. అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఎలెనా అబద్ధమేమీ ఆడలేదు మరి. ఆయన పోయిన శీతాకాలంలోనే వస్కా భార్య ఓలింకాకు కాన్పయింది. ఎలెనా వెళ్లి బిడ్డ నెత్తిన నీళ్లు చిలకరించి నాన్న పేరు పెట్టి పిలిచింది. బిడ్డ ఏడుపు ఆపింది. ఆడా మగా అని పేరు చూసుకోదు. పేరుతో పాటు మనిషీ వస్తాడు. ఆ రోజు నుంచి ఎలెనా ఆ పిల్లను నాన్నా అనే పిలుస్తోంది. మార్ఫా తాతా అంటుంది. ముసలాయనకు బతికున్న రోజుల్లో చలికి వేళ్లు తిమ్మిరెక్కేవి. అందుకని ఎలెనా పిల్లకు ఏటా రెండు జతల చేతిజోళ్లు కుడుతుంది. చేప తల కూర వండితే కళ్లు పిల్లకే.

అక్టోబరులో ఎలెనా అడిగింది ఈ నాన్ననే. ఈ నాన్నే పెట్టుకోమన్నాడు.

"ఆ అమ్మాయి మా తాత," అని మార్ఫా దిబ్బమీద హాల్వర్సన్‌కు చెప్పింది.

"మీ తాతగారి పేరు పెట్టారా?"

"పేరు ఒక్కటే కాదు," అంది. హాల్వర్సన్ మొహం చూసి సర్దుకుంది. "అవును. పేరే."

హాల్వర్సన్ ఆలోచించాడు. "సరే. అక్టోబరులో ఒప్పుకున్నది ఎవరు?"

"తాత."

"అంటే ఈ అమ్మాయి."

"అవును."

"ఇప్పుడు వద్దన్నది?"

"తాత."

"ఈ అమ్మాయే."

"అవును."

డుప్రీ సిగరెట్ ఆర్పి, "నేను యంత్రం ఇంజను ఆపెయ్యనా, నడవనివ్వనా?" అని అడిగాడు. అందరూ ఎర్రటోపీనే చూస్తున్నారు. అతను నడవనిచ్చాడు.

ఎలెనా పిల్ల ముందు మోకాళ్లమీద కూర్చుంది. "ఎందుకు వద్దు నాన్నా?"

"గోల."

"గోల ఇవాళ్టికే. తర్వాత ఉండదు."

పిల్ల ముక్కు ముడిచింది. ఊళ్లో కాదని చెప్పాలంటే ముక్కు ముడుస్తారు, అవునని చెప్పాలంటే కనుబొమ్మలు ఎత్తుతారు. నోరు తెరవనక్కర్లేదు.

"మరెందుకు?"

"నేనిక్కడ కూచుంటా."

"ఇంట్లో కూర్చోవే. కుర్చీలున్నాయి," అన్నాడు వస్కా వెనక నుంచి.

ఎలెనా తల తిప్పకుండా, "నువ్వు మాట్లాడకు," అంది. ముసలాయన ఏప్రిల్‌లో బాతులు ఎటు నుంచి వస్తున్నాయో చూడటానికి ఈ దిబ్బమీదే కూర్చునేవాడు. అది ఆమెకు తెలుసు, మార్ఫాకు తెలుసు. ఆటల గంటలో పిల్లలు ఈ దిబ్బమీదికే ఎక్కి అట్టముక్కల మీద కిందికి జారతారు. అది పంతులమ్మకు తెలుసు. ఆ మాటా ఆమె చెప్పింది.

హాల్వర్సన్ మార్ఫాను పక్కకు పిలిచాడు. అతను విసుక్కోలేదు. ఉన్న పరిస్థితి చెప్పాడు. డ్రిల్లు నది మంచుమీద వేసిన రోడ్డు మీదుగా వచ్చింది. శుక్రవారం అదే రోడ్డుమీద దిగువ ఊరికి వెళ్లాలి, అక్కడ వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆ తర్వాత మంచు మెత్తబడుతుంది. మొదటి రెండు మరల గోతులూ అయిపోయాయి. మూడోదాన్ని ఇంకో చోటికి జరపాలంటే మన్ను పరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేయాలి.

"మాటిచ్చాను కాబట్టి నిలబడతాను," అన్నాడు. "పెద్దాయన వద్దంటే ఆగిపోతాను. చిన్నపిల్ల సరదాకి అన్న మాటైతే, ఆ దిబ్బ మీ పెద్దమ్మది అవుతుంది, ఆవిడ ఒప్పుకుంటే చాలు. ఎవరి మాటో నాకు తెలీదు. మీరు కనుక్కుని గురువారం సాయంత్రంలోగా చెప్పండి."

మార్ఫా దాన్ని యూపిక్‌లో ఎలెనాకు చెప్పింది. ఎలెనా విన్నది. ఫ్లాస్కు తీసుకుని ఇంటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం ఊళ్లో రేడియో ఊరుకోలేదు.

"ఉలూరన్ మావా, మా ఇంటి మీద కూడా కాస్త దయ ఉంచు."

"ఆయన ఇప్పుడు లెక్కల క్లాసులో ఉన్నాడు. బడి వదిలాక పిలు."

"మా నాన్న పడవ మోటారు అడిగి తీసుకెళ్లి మళ్లీ ఇవ్వలేదు ఆయన. ఎక్కడ పెట్టాడో అడగండి."

"మీ నాన్నే ఇచ్చెయ్యమని అడక్కుండా పోయాడు. మీ నాన్న పేరు ఎవరికుంది ఇప్పుడు?"

"మా చెల్లెలి కొడుక్కి."

"అయితే వాళ్లిద్దరూ తేల్చుకుంటారులే. ఒకటే తరగతి."

"ఎవరక్కడ ఛానెల్ అంతా నింపేస్తున్నది? విమానం కబురు వినాలి మేం."

ఎలెనా తన రేడియో గొంతు తగ్గించింది. ఆపలేదు.

బుధవారం సాయంత్రం ఆమె ఇంట్లో నలుగురు కూర్చున్నారు. ఎలెనా, మార్ఫా, వస్కా, ముసలాయనకు పినతండ్రి కొడుకైన ఎఫీమ్. ఎఫీమ్‌కు ఎనభై నాలుగేళ్లు. బల్లమీద ఎండుచేప, సీల్ జంతువు నూనె, టీ ఉన్నాయి. మాట్లాడేది పిల్ల గురించే కాబట్టి ఓలింకా ఆమెను ఆవిరిస్నానానికి తీసుకెళ్లింది.

"సూటిగా చెబుతా అత్తా," అన్నాడు వస్కా. "అది నిన్న నా బూట్లలో మంచు పోసింది. మీ నాన్న అలాంటి పని చేసేవాడా?"

"చేసేవాడు," అన్నాడు ఎఫీమ్.

"నువ్వు ఎవరి పక్షం పెద్దాయనా?"

"నా పక్షం. నాకింకా టీ పొయ్యలేదు."

మార్ఫా టీ పోసింది. వస్కా బల్లమీదికి వంగాడు.

"ఇరవై ఏళ్ల నుంచి ఆ ఇంజన్ల గదిలో ఉన్నా. మైనస్ నలభైలో ఇంజను ఆగితే ఊరంతా నా పేరే పిలుస్తారు. మూడు మరలుంటే గాలి ఉన్నన్నాళ్లు ఇంజన్లు కట్టేసి ఇంటికెళ్లి పడుకోవచ్చు. రెండే ఉంటే ఒక ఇంజను నడుస్తూనే ఉండాలి, దాని పక్కన నేనుండాలి. ఒక్క మాట, అది పిల్ల మాటని ఒక్క మాట అను. నీ సొమ్మేం పోయింది?"

ఎలెనా ఊలు అనే అర్ధచంద్రపు కత్తితో చేపను ముక్కలు చేస్తోంది. "అక్టోబరులో నీ కూతురు పెట్టుకోమంది కదా. ఆ పూట రేడియోలో ఏమన్నావు?"

వస్కా నూనెలో చేప ముంచాడు.

"నేను చెప్తా," అంది మార్ఫా. "ఉలూరన్ ఒప్పుకున్నాడు, ఇక నేను పడుకోవచ్చు అన్నావు. రెండుసార్లు అన్నావు బావా."

"అప్పుడు ఒప్పుకున్నాడు కాబట్టి అన్నాను."

"అవునంటే మా నాన్న," అంది ఎలెనా, "కాదంటే నీ కూతురా?"

వస్కా చేప నమిలి మింగాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పత్తా. మీ నాన్న ఎవరికైనా ఎప్పుడైనా వద్దన్నాడా? స్లెడ్డు అడిగితే స్లెడ్డు ఇచ్చాడు. దాన్ని లాగే కుక్కల్ని అడిగితే కుక్కల్ని ఇచ్చాడు. సరేనన్న మాట తిప్పుకోవడం నేను చూడలేదు. నువ్వు చూశావా?"

ఎలెనా కత్తి పక్కన పెట్టింది. మంగళవారం నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నది ఇదే. తండ్రి నోట కాదన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. డ్రిల్లు ముందు నిలబడినప్పుడు ఆమె ఆలోచించలేదు. నాన్న వద్దన్నాడు, ఆపాలి, అంతే అనుకుంది. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే, వద్దన్నది నాన్నేనా అన్న ప్రశ్న పుట్టింది.

"చూడలేదు," అంది. "అదే నాకు అర్థం కావడం లేదు."

"అన్నాడు ఒకసారి," అన్నాడు ఎఫీమ్.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"నువ్వప్పుడు చంకపిల్లవి. బడి కట్టేటప్పుడు నూనె ట్యాంకులు దిబ్బమీద పెడతామని అడిగారు. సరేనన్నాడు. బార్జి పడవ వచ్చి సామాను దిగాక వద్దన్నాడు. అందుకే ట్యాంకులు ఒడ్డున పల్లంలో ఉన్నాయి. వరదొస్తే కట్టెయ్యాల్సి వస్తోంది."

"ఎందుకు వద్దన్నాడు?" అని మార్ఫా అడిగింది.

"చెప్పలేదు. అక్కడ కూర్చున్నాడు, లేవలేదు."

ఎలెనా రెండు చేతులూ బల్లమీద పెట్టింది. ఎఫీమ్ టీ తాగి కప్పు దించాడు.

"లేకపోతే వాళ్లన్నయ్యేమో," అన్నాడు. "ఇద్దరికీ ఒకటే టోపీ. మార్చి మార్చి పెట్టుకునేవాళ్లు."

"పెద్దాయనా, సరిగ్గా గుర్తు చేసుకో," అన్నాడు వస్కా.

"చేసుకున్నాను. టోపీ గుర్తుంది."

"మొహం?"

"టోపీ మొహం మీదికి ఉండేది."

వస్కా లేచి పార్కా తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నేను ఇంజన్ల దగ్గరికి పోతున్నా. ఎవరైనా ఎవరో తేలితే రేడియోలో చెప్పండి," అని వెళ్లిపోయాడు.

గురువారం హాల్వర్సన్ రెండుసార్లు మండలి ఆఫీసుకు వచ్చాడు. ఒత్తిడి చేయడం లేదని రెండుసార్లూ చెప్పాడు. బడి గదిలో నేలమీద పడుకుంటున్నాడు. తిండికి వెంట తెచ్చుకున్న నూడిల్స్ అయిపోయాయని తెలిసి ఎలెనాయే అతనికి జింకమాంసం సూప్ పంపింది.

బడి వదిలే వేళకు మార్ఫా ఒక నిర్ణయానికి వచ్చింది. ఊళ్లో నలుగురైదుగురు పెద్దల్ని అడిగింది. ఒకరు పిల్ల అన్నారు. ఒకరు ఉలూరన్ అన్నారు. ఒకరు నవ్వారు. మండలి అధ్యక్షుడు, అది కుటుంబం సంగతి, మండలి తలదూర్చదు అన్నాడు. ఊరికి మూడో గాలిమర మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. సంఘంలో యాభై దాకా ఊళ్లున్నాయి. వరస తప్పితే చివరికి పోతుంది. పెద్దమ్మ చేత పిల్ల మాటేనని అనిపించాలని, అది ఒక్కసారి అంటే చాలని, ఆ తర్వాత ఇంటింటా పాత వరసలు పాతగానే ఉంటాయని తనకు తాను చెప్పుకుంటూ ఎలెనా ఇంటికి నడిచింది.

పిల్ల అక్కడే ఉంది. కిటికీ పక్క బెంచీ మీద కాళ్లు చాపుకుని గిన్నెలో అకుతక్ తింటోంది. కొవ్వు నురగలో కలిపిన సాల్మన్‌బెర్రీ పళ్లను ఒక్కొక్కటే ఏరి ముందు తింటోంది. ముసలాయనా అలాగే తినేవాడు. ఊళ్లో సగం మంది అలాగే తింటారు.

మార్ఫా బూట్లు విప్పింది. "పెద్దమ్మా, నేను ఆలోచించాను. మనం ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం."

"మాట్లాడు. కూర్చో ముందు."

బెంచీ మీద చోటు లేదు.

"తాతా, కాస్త జరుగు," అంది మార్ఫా.

పిల్ల కాళ్లు ముడుచుకుంది. మార్ఫా కూర్చుంది. ఎలెనా ఆమెనే చూస్తోంది.

"ఏమన్నావు?" అంది ఎలెనా.

"ఉన్నదున్నట్టు మాట్లాడుకుందామన్నాను."

"దాని తర్వాత."

మార్ఫాకు అప్పుడు తెలిసింది తనేమన్నదో. పిల్ల చెంచాతో గిన్నె గీకుతోంది.

"అలవాటు," అంది.

"మీ అమ్మకు ఫోన్ చేశావా ఈ వారం?"

మార్ఫా తల్లి పోయి నాలుగేళ్లయింది. ఆమె పేరు నది దిగువ ఊళ్లో ఒక మగపిల్లాడికి ఉంది. వాడికి మూడేళ్లు. మార్ఫా ప్రతి ఆదివారం ఫోన్ చేసి అమ్మా అని పిలుస్తుంది. వాడు ఫోన్లో ఊపిరి పీలుస్తాడు, ఒక్కోసారి కుక్క గురించి చెబుతాడు.

"చేశాను."

"ఈయన పిల్లయితే, మా చెల్లెలు ఎవరు?"

పదహారేళ్లుగా మార్ఫా రెండు భాషల మధ్య నిలబడి మాటలు అటూ ఇటూ అందిస్తోంది. ఈ ప్రశ్న ఏ భాషలోనూ కదలలేదు.

"పెద్దమ్మా, తాత ఎప్పుడూ కాదనేవాడు కాదు."

"అదే నేనూ అనుకున్నా. రెండు రోజులుగా అనుకుంటున్నా." ఎలెనా పిల్ల గడ్డం మీద అంటిన కొవ్వు బొటనవేలితో తుడిచింది. "అరవై ఏళ్లు అందరికీ సరే సరే అన్నాడు. స్లెడ్డు ఇచ్చి ఇంటికి నడిచొచ్చేవాడు. కాదనాలని ఎప్పుడైనా అనిపించిందో లేదో నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. నేను అడక్కుండానే పోయాడు." పిల్ల వైపు వంగింది. "నాన్నా, ఆ మర సంగతి. నీకు వద్దా?"

పిల్ల చెంచా నోట్లో పెట్టుకునే, వద్దన్నట్టు ముక్కు ముడిచింది.

"నువ్వే అక్టోబరులో పెట్టుకోమన్నావు."

పిల్ల చెంచా తీసింది. "అప్పుడు దిబ్బ తవ్వుతారని నువ్వు చెప్పలేదు."

ఎలెనా ఖాళీ అవుతున్న గిన్నె వైపు చూసింది. "చెప్పలేదు," అంది. "మర్చిపోయాను."

"ఇంకా బెర్రీలున్నాయా?"

"ఉన్నాయి నాన్నా."

ఆమె లేచి గిన్నె నింపి తెచ్చింది. తర్వాత మార్ఫాతో, "ఫోన్ చెయ్యి ఆ సంఘం అబ్బాయికి," అంది.

మార్ఫా బడికి ఫోన్ చేసింది. హాల్వర్సన్ వెంటనే ఎత్తాడు.

"పెద్దాయన వద్దన్నారు," అంది.

అవతల కాగితం తిరగేసిన చప్పుడైంది. "మీ పెద్దమ్మగారు కూడా అదే అంటున్నారా? ఇదే ఆఖరి మాటా?"

మార్ఫా ఎలెనాను అడిగింది. ఎలెనా కనుబొమ్మలు ఎత్తింది. ఫోన్లో అది కనబడదు గనుక మార్ఫా నోటితో చెప్పింది.

"మంచిది," అన్నాడు హాల్వర్సన్. "ఒక్కటి అడగొచ్చా? నేను ఆఫీసులో ఏమని చెప్పాలి?"

"దిబ్బను వాడుకునే పెద్దాయన మనసు మార్చుకున్నాడని."

"వయసు అడిగితే?"

మార్ఫా పిల్లను చూసింది. పిల్ల వేలితో ఊడబోతున్న ఇంకో పన్నును కదిలిస్తోంది.

"అడగరులెండి," అంది.

శుక్రవారం పొద్దున్నే డుప్రీ దిబ్బమీద తవ్విన గొయ్యిని ఆ మన్నుతోనే పూడ్చి, డ్రిల్లును బండి మీదికి ఎక్కించాడు. అది నదిమీద మలుపు తిరిగేదాకా వస్కా ఇంజన్ల గది గుమ్మంలో నిలబడి చూశాడు. రేడియోలో అతను ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాడు. "ఉలూరన్ పన్ను ఊడింది. కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు."

ఆగస్టులో రెండు గాలిమరలూ లేచాయి. ఒక డీజిల్ ఇంజను ఆగింది. ఇంకొకటి నడుస్తూనే ఉంది. మూడో మరకు తెచ్చిన ఉక్కు స్తంభాలు నూనె ట్యాంకుల పక్కన వరసగా పేర్చి ఉన్నాయి.

అక్టోబరులో సంఘం సమావేశానికి హాల్వర్సన్ మళ్లీ వచ్చాడు. ఈసారి అతను పిల్ల ముందుకు వెళ్లి వంగి చెయ్యి కలిపాడు. డ్రిల్లు మార్చిలో ఇటువైపే వస్తోందని, మూడో మరకు ఇంకా అవకాశం ఉందని, దిబ్బ తవ్వాల్సి ఉంటుందని, తవ్వేటప్పుడు గోల ఉంటుందని, జారడానికి ఒక వైపు వదిలేస్తారని ఒక్కొక్కటే చెప్పాడు. మార్ఫా ఒక్కొక్కటే యూపిక్‌లో చెప్పింది.

"ఆయన ఏమంటారు?" అని హాల్వర్సన్ అడిగాడు.

పిల్ల ఎలెనా వైపు చూసింది. ఎలెనా టీ కప్పులోకి చూస్తోంది. హాలంతా చూస్తోంది. వెనక వరసలో వస్కా లేచి నిలబడ్డాడు.

పిల్ల కనుబొమ్మలు ఎత్తింది.

"సరేనన్నాడు," అంది మార్ఫా.

"కారణం?" అని వెనక నుంచి ఎఫీమ్ అడిగాడు. పిల్ల చెప్పలేదు.

ఆ శీతాకాలం నదిమీద మంచు డ్రిల్లు బరువు మోసేంత మందం పట్టలేదు. మార్చి 20 నాటికి కూడా రోడ్డు తెరవలేదు, డ్రిల్లు రాలేదు.